నీడన ఎండిన మునగాకు

జూన్ 6

వదినకి,

నీ పొట్లం దారిలో ఎక్కడో నలిగింది. ఒక మూల చిరిగి, పోస్టుమాన్ చేతులు పచ్చగా చేసి మరీ అందింది. "ఏంటమ్మా ఇది, రంగుపొడా?" అని విసుక్కున్నాడు. మా వదిన మేడమీద గదిలో నీడన ఆరబెట్టిన మునగాకు అని చెబితే, అరచెయ్యి ఓసారి వాసన చూసుకుని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఇక అసలు సంగతి. మా ల్యాబులో ఒక రసాయనం ఉంది. స్పిరిట్‌లో కలిపితే చిక్కటి ఊదారంగులోకి వస్తుంది, నేరేడుపళ్ళు తిన్న నాలుకలాగా. అందులో ఏదైనా ఆకు సారం ఒక చుక్క వేస్తాం. సారంలో బలం ఉంటే ఊదారంగు తగ్గుతుంది, లేకపోతే అలాగే ఉంటుంది. రోజూ నేను చేసే పని ఇదే. ఎన్నో ఆకులు, వేళ్ళు, బెరళ్ళు నా చేతుల మీదుగా పోయాయి. చాలావరకు వచ్చి ఊరికే కూర్చుని పోయేవే.

నీ ఆకు సారం వేశాను. గాజుగొట్టం ఇంకా నా చేతిలోనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను, ఆ ఊదారంగంతా వెలిసిపోయి పలచటి పసుపు మిగిలింది. ఒళ్ళు ఝల్లుమంది వదినా. ఎక్కడో పొరపాటు చేశాననుకుని మళ్ళీ మొదటి నుంచీ చేశాను. మళ్ళీ అదే. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడని పిలిచాను. ఆవిడ ఏది చూసినా కళ్ళు పెద్దవి చేసే రకం కాదు. చూసింది, "ఇంకోసారి చెయ్యి" అంది. బజారులో కొన్న, ఎండలో ఎండిన మునగాకుతో కూడా చేసి చూశాం. అదీ రంగు తగ్గించింది గాని, బద్ధకంగా తగ్గించింది.

ఇందులో ఏముందంటావేమో. మనం పీల్చే గాలిలో మనల్ని బతికించేదే మనల్ని కొద్దికొద్దిగా తినేస్తుంది కూడా. ఇనుము తుప్పు పట్టడం, కోసిన వంకాయ నల్లబడటం, నిలవ నూనె కంపు కొట్టడం, అన్నీ దాని పనే. మన ఒంట్లోనూ ఆ పని జరుగుతూనే ఉంటుంది. నీ ఆకులో ఉన్నవాటిని మేం యాంటీఆక్సిడెంట్లు అంటాం. అవి దానికి ఎదురు వెళ్ళి, తమ దగ్గరున్నది ఇచ్చేసి, దాని ఆకలి తీరుస్తాయి. మనకి కనపడని ఇంత పని ఒక ఆకులో జరుగుతుంటే, మనమేమో దాన్ని దూసి గిన్నెలో పడేస్తాం.

అన్నయ్య ఎలా ఉన్నాడు? గుండెలో పెట్టిన ఆ లోహపు కవాటం ఇంకా టిక్కుటిక్కుమంటోందా? నెత్తురు గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు మరిచిపోకుండా వేసుకుంటున్నాడా? వాడి సంగతి నాకు తెలుసు, నువ్వు పక్కన నిలబడితే గాని మింగడు.

నీ ఆడపడుచు

జూన్ 15

చిన్నమ్మాయ్,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన కంటికి అద్దం తగిలించుకుని ఎవరిదో చేతిగడియారం పొట్ట విప్పి కూర్చున్నారు. తలెత్తకుండానే, "చిన్నప్పుడు సబ్బునురగ చూసినా ఇలాగే గంతులేసేది" అన్నారు. కానీ నువ్వు రంగు వెలిసిపోయిందని రాసిన చోటు మాత్రం రెండోసారి చదివించుకున్నారు.

కవాటానికేం, బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది. దుకాణంలో గోడనిండా గడియారాల మధ్య కూర్చుంటారు కాబట్టి అక్కడ వినపడదు. భోజనానికి లోపలికొస్తే వినపడుతుంది. గడియారం మింగిన మనిషని వీధిలో పేరు పెట్టారు. మాత్ర నేనే అరచేతిలో పెట్టి, మింగేదాకా కదలను. నువ్వు బెంగ పెట్టుకోకు.

ఆకు ఆరబెట్టడం మీ అమ్మ నేర్పిందే. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ మేడమీద గది చూపించి, "ఎండ ఈ గదిలోకి రాకూడదు, గాలి మాత్రం ఆగకూడదు" అంది. మంచు ఆరాక ఆకు దూయాలి, కిటికీకి గోనెపట్టా కట్టాలి, బట్ట మీద పలచగా పరిచి పూటపూటకీ అరచేత్తో తిరగెయ్యాలి. ఎందుకని ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. కొట్టులో పెట్టి అమ్మే పొడి పచ్చగా ఉంటే గిరాకీ బాగుంటుందనుకునేదాన్ని. నీ ఉత్తరం వచ్చాక ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళబుద్ధి కావడం లేదు. మొన్న ఒక్కదాన్నీ నేలమీద కూర్చుని ఆ పచ్చటి పరుపుని చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళూ నా చేతికింద ఇంత జరుగుతోందా అని కళ్ళు చెమర్చాయి. నవ్వకు.

నువ్వు రాసిన దాన్ని ఊరికే వదల్లేదు. పనిలో పెట్టాను. వచ్చినప్పుడు నువ్వే చూద్దువుగాని.

వదిన

జూన్ 24

వదినా,

పనిలో పెట్టానంటే నాకు భయమేసింది. కొట్టు ముందు బోర్డు గాని రాయించావా? గాజుగొట్టంలో జరిగింది మనిషి ఒంట్లోనూ జరుగుతుందని నేను ఎక్కడా చెప్పలేదు. గొట్టానికి కడుపు లేదు, కాలేయం లేదు, నెత్తురు లేదు. కొనేవాళ్ళకి నా పేరు గాని, ల్యాబు పేరు గాని చెప్పకు. మా పెద్దసారు చెవిన పడితే నా ఉద్యోగం గంగలో కలుస్తుంది.

లేత ఆకు, ముదురాకు విడివిడిగా పంపగలవా? రెంటికీ తేడా ఏమైనా ఉందేమో చూడాలని మనసు పీకుతోంది. ఈమధ్య బస్సులో వెళ్తుంటే కూడా కిటికీలోంచి చెట్లనే చూస్తున్నాను. వాటి పక్కనుంచే ఇంతకాలం ఎలా నడిచిపోయానా అనిపిస్తోంది.

నీ ఆడపడుచు

జూలై 3

ఆడపడుచు గారికి,

నేనేమైనా నడివీధిలో గొంతు చించుకుని మందులమ్మేదాన్నా? బోర్డూ లేదు, గీర్డూ లేదు. కొట్టుకొచ్చిన ఒక్కరితో కూడా ఒక్క మాట అనలేదు. వాడకమంతా మా ఇంట్లో, మా వంటింట్లో, మా గ్లాసులోనే. దానికి కూడా మీ పెద్దసారు సంతకం కావాలేమో కనుక్కుని చెప్పు.

లేతాకు, ముదురాకు రెండు పొట్లాలు విడిగా పంపుతున్నాను. కోపంలో కూడా నీ పని చేసి పెడుతున్నానని గుర్తుపెట్టుకో.

వదిన

జూలై 11

మా మంచి వదినా,

మూతి ముడుచుకోకు. బోర్డు లేదన్నావు, నా ప్రాణం కుదుటపడింది. ఇంట్లో తాగితే తప్పేముంది, ఆకుకూరే కదా. హాయిగా తాగు. మోకాళ్ళ నొప్పులని పోయినసారి నేనొచ్చినప్పుడు అన్నావు, ఓపిక వస్తుంది.

లేతాకు, ముదురాకు రెండూ చేశాను. రెండూ ఆ ఊదారంగుని నిలవనివ్వలేదు. పెద్దసారు వచ్చి, గొట్టం వెలుతురుకి ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన కాఫీ చల్లారిపోయింది. "ఎవరు ఆరబెట్టారు?" అని అడిగారు. మా వదిన అని గర్వంగా చెప్పాను. చూశావా, పేరు చెప్పొద్దని నీకు చెప్పి నేనే చెప్పేశాను.

నీ ఆడపడుచు

జూలై 22

చిన్నమ్మాయ్,

మీ పెద్దసారు మాటకి మురిసిపోయాను. తప్పేముంది అని నువ్వే అన్నావు కాబట్టి ఇక దాచను. తాగేది నేను కాదు, మీ అన్నయ్య. నీ మొదటి ఉత్తరం అందిన దగ్గర్నుంచీ పొద్దున గ్లాసెడు పచ్చి ఆకు రసం, సాయంత్రం పొడి. ముందు చేదన్నారు, పశువుల మేతన్నారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. మాత్ర మాన్పించానేమోనని కంగారు పడకు. మాత్ర మాత్రే, ఆకు ఆకే. ఆ మాత్రం తెలివి నాకుంది.

నీకెలా చెప్పను! ఆ గ్లాసు ఆయన నోటికి ఎత్తిన ప్రతిసారీ నువ్వు రాసిన గాజుగొట్టమే కళ్ళముందు కదులుతుంది. ఆపరేషన్ నాటినుంచీ ఆయన గుండె డాక్టర్ల చేతిలో ఉంది, నేను పక్కన నిలబడి చూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. ఇప్పుడు నా చేతిలోనూ ఏదో ఉందనిపిస్తోంది. చెట్టు కింద నిలబడితే దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

ఒక్కటే కొంచెం మనసుకి పట్టింది. ఈసారి రక్తపరీక్షలో అంకె బాగా దిగిందట. నెత్తురు ఉండాల్సినంత పలచగా లేదు, గడ్డకట్టే ప్రమాదం ఉందన్నారు. ఈ వారంలో పెద్ద డాక్టరుకి చూపించాలి. ఈలోపు నా ప్రయత్నం నేను చెయ్యాలి కదా, రసం ఇంకో గ్లాసు పెంచాను.

వదిన

జూలై 29

వదినా,

నీ ఉత్తరం పొద్దున అందింది. తప్పు నీది కాదు. తాగేదెవరో అడగకుండానే తప్పేముందని రాసిన నాది. మీ ఎదురింటి దర్జీకి ఫోన్ చేసి, "మునగాకు ఇవాళే ఆపెయ్యమని మా వదినకి చెప్పండి" అన్నాను. ఆయన "ఇప్పుడే వెళ్ళి చెప్తానమ్మా" అన్నాడు. ఇంకో మాట చెప్పేలోపు లైను తెగింది.

జరిగింది ఇదీ. పచ్చటి ఆకుల్లో కె విటమిన్ అని ఒకటి ఉంటుంది. గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టడానికి మన ఒంటికి అది కావాలి. అన్నయ్య మాత్ర చేసే పనల్లా ఆ విటమిన్‌ని అడ్డుకోవడమే. అంటే నువ్వు రోజూ ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో దాని విరుగుడు ఇస్తున్నావన్నమాట. ఊదారంగుని పోగొట్టినవి వేరు, ఇది వేరు. రెండూ ఆ ఒక్క ఆకులోనే ఉన్నాయి. నేను నాకు కావలసినదాన్ని మాత్రమే వెతికి, అదొక్కటే ఆకనుకున్నాను.

ఆపేస్తే అంతా మునుపటిలాగే అయిపోతుంది. ఇక భయం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ సంగతి కూడా చెప్పు. ఈపాటికే వెళ్ళొచ్చి ఉంటే, ఆయనేమన్నారో రాయి.

నీ ఆడపడుచు

ఆగస్టు 5

చిన్నమ్మాయ్,

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మీ అన్నయ్యకి ఇప్పుడు ఫరవాలేదు. ముందు అది చదివి, నెమ్మదిగా ఊపిరి పీల్చుకుని, మిగతాది చదువు.

నువ్వు దర్జీకి ఫోన్ చేసిన ముందురోజే మేం డాక్టరుని చూశాం. నెత్తురు చిక్కబడుతోందని ఆయన మాత్ర పెంచారు. కొత్తగా మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు. లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదమ్మా. ఆకు తిండి కదా, మందు కాదు కదా, అనుకున్నాను. మర్నాడు దర్జీ పరుగెత్తుకొచ్చి ఆపమన్నాడు. ఠక్కున ఆపేశాను. మాత్రేమో పెరిగింది, దానికి ఎదురు నిలిచిన ఆకు పోయింది. నెత్తురు నీళ్ళలా అయిపోయింది.

గడియారం మీద వంగి పనిచేస్తున్నారట. తెల్లటి బట్ట మీద చిన్నచిన్న చక్రాలు పరుచుకుని ఉన్నాయి. ముక్కులోంచి ఒక చుక్క పడిందట. తుడుచుకున్నారట. మళ్ళీ పడింది. నన్ను పిలిచేసరికి ఆ బట్ట ఎర్రగా తడిసిపోయింది. ఆయన ముక్కు పట్టుకుని, "ముందు ఆ చక్రాలు తీసి పెట్టు, పారేసుకుంటావు" అంటున్నారు. ఎంత అదిమిపట్టినా ఆగలేదు. చిగుళ్ళలోంచి కూడా వచ్చింది. దర్జీ, నేను చెరోపక్కా పట్టుకుని ఆటోలో తీసుకొచ్చాం. దారి పొడుగునా నా చేతులు చూసుకుంటూనే ఉన్నాను.

ఇక్కడి డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది. "ఏం మార్చారు?" అని అడిగింది. ఈసారి అంతా చెప్పేశాను. "రోజుకెంత ఇచ్చేవారు?" అంది. నా చెయ్యి ఎప్పుడు కొలిచి పెట్టింది గనక! ఆయన నీరసంగా కనిపిస్తే ఒక పిడికెడు ఎక్కువ, కాస్త నవ్వుతూ కనిపిస్తే సంతోషం పట్టలేక ఇంకో పిడికెడు. తిట్టలేదా అమ్మాయి. తిట్టినా బాగుండేది. నెత్తురు ఆపడానికి నరంలోకి ఒక మందు ఎక్కించింది, చాలా జాగ్రత్తగా, చాలా కొద్దిగా. అదేమిటని అడిగాను. కె విటమిన్ అంది, ఆకుకూరల్లో ఉండేదేనండీ అంది. అప్పటికి నీ ఉత్తరం నాకందలేదు. ఏది మా మీదికి ఇంత తెచ్చిందో, అదే సూదిలోంచి వెళ్ళి ఆయన్ని నిలబెట్టింది. భయపడాలో మొక్కాలో తెలియలేదు.

నీ ఉత్తరం ఇవాళ దర్జీ ఇక్కడికే తెచ్చి ఇచ్చాడు. చదివాను. నువ్వు చదువుకున్నదానివి, నాకొక్కటి చెప్పు. ఆకు మంచిదా, చెడ్డదా? మంచిదన్నావు, ఇచ్చాను. ఆపమన్నావు, ఆపాను. రెండుసార్లూ ఆయన ప్రాణం మీదికే వచ్చింది. నా చేత్తో ఆయనకి ఇంకేమీ పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నిన్న బట్టలకని ఇంటికెళ్ళినప్పుడు మేడమీద గదికి తాళం వేశాను.

వదిన

ఆగస్టు 21

వదినా,

నేను వచ్చి ఉన్న ఆ కొద్దిరోజులూ నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అన్నయ్యకి కంచం కూడా నువ్వు పెట్టలేదు, నన్ను పెట్టమన్నావు. ఎదురుగా మాట్లాడే ధైర్యం లేక, తిరిగొచ్చాక రాస్తున్నాను. నువ్వడిగినదానికి జవాబు కూడా అక్కడ నాకు దొరకలేదు.

ఇక్కడికొచ్చాక పెద్దసారుని అడిగాను. ఆయన పెద్ద పుస్తకాలు తెరవలేదు, నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. "మనమైతే ఏం చేస్తాం?" అన్నారు. నీడలోకి వెళ్తాం అన్నాను. "చెట్టు వెళ్ళలేదు కదా" అన్నారు.

వదినా, ఆకుకి తిండి వెలుతురు. ఆ వెలుతురు ఎక్కువైతే ఆకునే కాల్చేస్తుంది. పారిపోయే దారి లేదు. అందుకని కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి లోపల ఏవేవో తయారు చేసుకుంటుంది. నేను గొట్టంలో చూసి గంతులేసినవి అవే. ఇంకా విను. అన్నయ్య మాత్రతో తలపడిన కె విటమిన్ ఉందే, అది కూడా ఆకు వెలుతురుని పట్టుకుని తిండిగా మార్చుకునే పనిలో ఒక పనిముట్టట. రెండూ ఎండతో బతకడానికి అది చేసుకున్నవే. మన కోసం కాదు. మన మంచికీ కాదు, చెడుకీ కాదు. దానికి మన సంగతే తెలియదు. అది తనకోసం దాచుకున్నదాన్ని మనం దూసుకుని తెచ్చి, మన ఒంట్లో వదిలితే, అక్కడ కూడా పనిచేస్తూనే ఉంటుంది. పని మానడం దానికి చేతకాదు.

నేను ఆకులో సగాన్ని మాత్రమే చూసి, మొత్తం చూశాననుకున్నాను. నువ్వు ప్రేమతో ఎంత పెడితే అంత మంచిదనుకున్నావు. ఇద్దరం దాన్ని తక్కువగా చూశాం. మంచిదా చెడ్డదా అని కాదు, చాలా పెద్దది వదినా.

డాక్టరమ్మ నాతో అన్న మాట నీతో కూడా అని ఉంటుంది. ఆకు అసలు మానేసినా సరే, లేదా రోజూ తప్పకుండా ఒకే కొలతలో ఇస్తే దానికి తగ్గట్టు మాత్ర సరిచేస్తానంది. ఏదైనా ఒకటే, రోజుకో రకం మాత్రం కుదరదంది. ఏది చెయ్యాలో నేను చెప్పను. నేను చెప్పినవి చాలు.

నీ ఆడపడుచు

సెప్టెంబరు 18

చిన్నమ్మాయ్,

నీ ఉత్తరం చదివి రెండు మధ్యాహ్నాలు చెట్టు దగ్గర కూర్చున్నాను. నువ్వు రాసినట్టే ఎండ పేలిపోతోంది. నేను కొంగు తలమీదికి లాక్కున్నాను, వీధికుక్క అరుగు కిందికి దూరింది. చెట్టు మాత్రం ఒక్క ఆకు కూడా వెనక్కి తీసుకోకుండా నిలబడి ఉంది. ఏమీ జరగనట్టే ఉంది చూడటానికి. లోపల అంత జరుగుతోందని తెలిశాక నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మా కోసమే కాస్తోందని ఎంత ధీమాగా దూసేదాన్ని! దానికి నేనెవరో తెలియదన్నావు. అది చదివి బాధపడతాననుకున్నావేమో. లేదు. నా మీంచి ఏదో బరువు దిగింది.

అయినా మొన్నమొన్నటిదాకా నేను ఆయనకి ఏమీ పెట్టలేదు. అన్నీ బల్లమీద సర్ది అవతలికి వెళ్ళిపోయేదాన్ని. మంచినీళ్ళు కూడా ఆయనే ముంచుకునేవారు. మాత్ర కూడా ఆయనే తీసుకునేవారు, నేను గుమ్మం దగ్గర నిలబడి చూసేదాన్ని. ఆయన ఏమీ అనలేదు. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, పాడైన గడియారాన్ని కూడా ముందు రెండు రోజులు ఊరికే బల్లమీద పెట్టుకుని చూస్తారు.

పోయిన వారం ఆయనే మేడమీద గది తాళం తీసి, ఆరిన ఆకుని పొడి కొట్టించుకొచ్చారు. డాక్టరమ్మ దగ్గరికి ఒక్కరే వెళ్ళి, ఏ చెంచాతో ఎంతో అడిగి తెలుసుకుని, గడియారాలకి నూనె వేసే చిన్న పనిముట్టుతో ఆ చెంచా అంచు మీద గీత గీసుకుని వచ్చారు. చెంచా, డబ్బా తెచ్చి నా ముందు పెట్టారు.

"నాకొద్దు, మీరే వేసుకోండి" అన్నాను.

"ఇన్నాళ్ళూ వేసుకున్నది ఆకు కోసమనుకున్నావా? పశువుల మేత అది. నువ్వు పెడుతున్నావని వేసుకున్నాను" అన్నారు.

నాకు దుఃఖం ఆగలేదు. నా వల్లే ప్రాణం మీదికి వచ్చిందని, నా చేతుల మీద నాకు నమ్మకం పోయిందని, అన్నీ అప్పుడు చెప్పాను. ఆయన అంతా విన్నారు. అరచెయ్యి నా ముందుకి చాచి, అలాగే కూర్చున్నారు. ఎంతసేపటికీ వెనక్కి తీసుకోలేదు.

పొడి తీశాను. గీత దాటకుండా వేలితో సమం చేశాను. ఆయన అరచేతిలో పోశాను. ఆయన నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, మొహం చిట్లించి, "ఛీ, చేదు" అన్నారు.

అప్పటినుంచీ రోజూ పెడుతున్నాను. నిన్న రక్తపరీక్ష చేయించాం. నెత్తురు ఎలా ఉండాలో అలాగే ఉందమ్మా.

వదిన